నవాబు మెడలో కార్డు

పోయిన నెలలో ఉప్పల్‌లో రైతుల మేళా పెట్టారు. దాని కోసమని ఒక పశువైద్యురాలు నాకు ఫోన్ చేసింది. గొంతు వింటే ముప్పై ఏళ్లు కూడా నిండి ఉండవనిపించింది. "మేడం, మా స్టాల్‌ల నల్లగొర్రెలను పెడుతున్నం. దక్కనీ జాతి. ఆ బొచ్చుతోటి నేసిన పాత గొంగడి ఒకటి జనానికి చూపిద్దామని ఆలోచన. మీది కురుమోళ్ల ఇల్లని ఎవరో చెప్పిన్రు. మీ ఇంట్ల ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని. పద్యాలు అడిగినవాళ్లు ఉన్నారు, పెళ్లిపత్రికలో తప్పులు దిద్దమన్నవాళ్లు ఉన్నారు, గొంగడి అడిగిన మనిషి మాత్రం ఈ పిల్లే. "ఉండాలె బిడ్డా, వెతికి చెప్త" అన్నాను. నల్లగొర్రెల్ని ఉప్పల్‌లో స్టాల్ పెట్టి చూపించాల్సిన రోజు వచ్చిందా అనుకున్నాను.

నేనుండేది చిల్కానగర్‌లో. గొంగడంటూ మిగిలి ఉంటే నాచారంలో తమ్ముడింట్లోనే మిగిలి ఉండాలి. మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి వెళ్లాను. మరదలు సజ్జ మీది నుంచి రేకుపెట్టె దింపించి, "వదినా, అండ్ల ఎలుకలు పిల్లలు పెట్టినయో ఏమో, నేనైతె చెయ్యి పెట్ట" అని దూరంగా నిలబడింది. ఎలుకలేం లేవు. ఎండిపోయి పొడైన వేపాకు, దాని కింద నాలుగు మడతలు పెట్టిన నల్లగొంగడి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అన్నేళ్లు పెట్టెలో మగ్గినా గొర్రె వాసన పోలేదు. లేచి నిలబడి, మడతలు విప్పి గట్టిగా దులిపాను. అందులోంచి ఒక అట్టకార్డు జారి నా పాదాల మీద పడింది. పై మూల ఒక బెజ్జం, బెజ్జంలో ఇంకా పురికొస ముక్క. చేతిలోకి తీసుకోకముందే అదేమిటో తెలిసిపోయింది. మా పొట్టేలు నవాబును ఉప్పల్ పశువుల ప్రదర్శనకు తీసుకుపోయినప్పుడు దాని మెడకు కట్టిన కార్డు అది. నింపింది నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ కార్డును నాయిన ఆ రోజే చింపి పారేసి ఉంటాడని ఇన్నేళ్లూ నమ్మాను, నమ్మి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. మరదలు టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి పోయింది. నేను గొంగడి ఒళ్లో వేసుకుని నేల మీద కూర్చుండిపోయాను.

మా దొడ్డి ఉన్నచోట ఇప్పుడు అయిదంతస్తుల ఇల్లు లేచింది. కింద టిఫిన్ సెంటరు. దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయినా నా కళ్లు మొదట ఆ గేటు కోసం కాకుండా మా తుమ్మకంప తడిక కోసమే వెతుకుతాయి. మా అమ్మ తమ్ముణ్ని కని పోయింది. ఇంట్లో నాయిన, నాయినమ్మ, నేను, తమ్ముడు, తడిక అవతల మంద. నాయిన పొద్దున లేస్తూనే, మొహం మీద నీళ్లు చల్లుకోకముందే దొడ్డిలోకి పోయేవాడు. ఒక్కొక్క గొర్రె మొహం చూసేవాడు. నెమరు వేయనిది ఏదో, కుంటుతున్నది ఏదో ఆ చూపులోనే తెలిసేది ఆయనకు. తరవాతే మా మొహాలు చూడటం. "గొర్లే నీ బిడ్డలనుకుంటివా, మాకు జొరమొస్తె గిట్ల సూడవైతివి" అని నాయినమ్మ అరుగు మీద నుంచి ఎత్తిపొడిచేది. ఆమె మాత్రం తక్కువా! రాట్నం ముందు కూర్చుంటే దవడన పొగాకు, చేతిలో బొచ్చు, నోట్లో ఎవరినో ఒకరిని తిట్టడం, మూడూ ఒక్కసారే నడిచేవి. నాయిన మందవెంట పోతూ కూడా చేతిలో కదురు తిప్పుతూ దారం వడికేవాడు. మా ఇంట్లో ఊరికే ఉన్న చేతులు నావే. అవి పలకాబలపం పట్టాయి.

గొంగడి నేసే రోజుల్లో ఇల్లంతా చింతగింజల గంజి వాసన. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, పెద్ద కుండలో ఉడకబెట్టేది నాయినమ్మ. ఆ గంజి దారానికి పట్టించి ఎండలో సాగదీస్తే దారం తీగెలా బిగుసుకునేది. ఆ వాసన, తడిసిన బొచ్చు వాసన, దొడ్డి వాసన కలిసి నా పావడాలో, జడలో, పుస్తకాల్లో కూడా దూరేవి. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నేను వారానికి రెండుసార్లు కుంకుడుకాయ పెట్టి రుద్దుకునేదాన్ని, అయినా పోయేది కాదు. ఆ వాసనంటే అప్పుడు నాకు ఎంత సిగ్గో చెప్పలేను. ఇప్పుడు అదే వాసన కోసం గొంగడిని ముక్కుకు ఆనించుకుని ఏడుస్తున్నాను, ఏం మనిషినో నేను.

వాసన పోగొట్టుకోవడానికి నాకు దొరికిన దారి చేతిరాత. బడి మొత్తంలో నా అక్షరాలే గుండ్రంగా ఉండేవి. నాయిన పేరు బీరయ్య. ఆ పేరు రాసినప్పుడల్లా య కింద వత్తును ఊరికే వదలక, తోకలా కుడిపక్కకు పొడుగ్గా లాగి, చివర చిన్న ముడి వేసేదాన్ని. పంతులు "గదేంది, అక్షరానికి గూడ గొర్రెతోక పెడ్తివి?" అని నవ్వేవాడు కానీ తప్పు కింద దిద్దేవాడు కాదు. బళ్లో ఏ కాయితం వచ్చినా నింపేది నేనే, వాడకట్టులో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఆ గడుల వరస నాకు కంఠతా వచ్చేసింది. నా కొంపముంచింది అదే.

ఆ రోజుల్లోనే మా వైపు మందల్లోకి తెల్లపొట్టేళ్లు దిగాయి. నెల్లూరు పొట్టేళ్లనేవారు. ఎత్తుగా, గుర్రప్పిల్లల్లా నిగనిగలాడుతూ ఉండేవి, ఒంటి మీద బొచ్చన్నది ఉండదు. వాటికి పుట్టిన పిల్లలు తొందరగా పెరుగుతాయి, బరువు తూగుతాయి అని సర్కారువాళ్లు చెప్పి పంచారు. మా వాడకట్టులో ఒకరి తరవాత ఒకరు తీసుకున్నారు. మేత బీడు అందరిదీ ఒకటే, చెరువు ఒకటే, మందలు కలవక తప్పదు. మా నల్లగొర్రెలకు కూడా ఒకటీ అరా మచ్చలపిల్లలు పుట్టడం మొదలైంది. వాటి ఒంటిని నాయినమ్మ చేత్తో తడిమి, "బొచ్చేది? ఇది గొర్రెనా మేకనా? ఏం కప్పుకొని వానల తిరగాలె మీ నాయిన?" అనేది. నాయిన నవాబును మాత్రం ఎప్పుడూ తన పక్కనే నడిపించుకునేవాడు. ఆరు పండ్ల పొట్టేలు అది. మా ఇంట్లో గొర్రె వయసు ఏళ్లలో చెప్పరు, పండ్లలో చెబుతారు. తలెత్తి, ఎవరికీ దారి ఇవ్వకుండా నింపాదిగా నడిచేది, అందుకే ఆ పేరు. దాని మెడకింద బొచ్చులో నా చెయ్యి మణికట్టు దాకా దిగిపోయేది.

ఉప్పల్ దవాఖానాకు కొత్తగా వచ్చిన గొడ్ల డాక్టరు ఒకరోజు మందకు మందు పోయడానికి వచ్చి నవాబును చూసి ఆగిపోయాడు. కోస్తా వైపు మనిషి. నాయిన్ని "బీరయ్యగారూ" అన్నాడు. అంతకుముందు మా నాయిన పేరు పక్కన గారు తగిలించినవాళ్లను నేను చూడలేదు, నాయిన కూడా ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూశాడు. "ఇది దక్కనీ జాతండీ. స్వచ్ఛమైన జాతి. ఇలాంటి పొట్టేలు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. దీన్ని ప్రదర్శనకు తీసుకురండి. దాని జాతిలో ఇది గెలిచిందంటే మీ మందను విత్తనపు మందగా రాయిస్తాను. తెల్లవాటి బదులు మీ దగ్గర పుట్టిన నల్లపొట్టేళ్లనే నాచారం మందలకు ఇప్పించవచ్చు. లేకపోతే ఇంకో నాలుగేళ్లకు చూద్దామన్నా నల్లగొర్రె దొరకదు మీకు" అన్నాడు. ఆయన పోయాక నాయినమ్మకు అర్థం కాలేదు. "దక్కనీ అంటె తురకమాట గాదుర? మన గొర్లు దక్కనీ మాట్లాడ్తయా ఏంది?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆ తరవాత ఎన్నాళ్లో, నవాబు అరిస్తే చాలు, "సలామ్ జేస్తుంది సూడు" అనుకునేవాళ్లం. డాక్టరు వచ్చినప్పుడల్లా ఆ మాట అనేవాడు, మేం వెనక నవ్వుకునేవాళ్లం. వందసార్లు విని ఉంటాను నేను దక్కనీ అన్న మాట. మాకు మాత్రం అవి ఎప్పుడూ మన గొర్లే.

నాయిన మాత్రం నవ్వుతూనే లోపల గట్టిగా పట్టుకున్నాడు. ఆ నెలంతా నవాబుకు చేసిన సేవ ఇంకెవరికీ చెయ్యలేదు. బొచ్చు కత్తిరించే రోజు వచ్చినా దాన్ని వదిలేశాడు, డాక్టరు బొచ్చు చూపించాలన్నాడని. చెరువులో కడిగి, గడ్డి మీద ఆరబెట్టి, నాయినమ్మ దువ్వెనతో చిక్కు తీశాడు. నానబెట్టిన ఉలవలు తన కంచంలోంచి తీసి పెట్టాడు. ఒక సాయంత్రం దాని మెడ నిమురుతూ నాతో అన్నాడు, "బిడ్డా, ఇది గెలిస్తె మన మంద ఉంటది. మీ అవ్వ కప్పుకున్న గొంగడి, నేను కప్పుకున్న గొంగడి, అన్ని ఈ గొర్రెయే. ఇది పోతె ఇగ మనం గొర్లుగాసెటోళ్లం ఎట్లయితం?" నాతో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

ప్రదర్శనకు ముందురోజు డాక్టరు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పాపా, నీ అక్షరాలు బాగుంటాయటగా. అన్నీ నింపు, ఒక్కటి కూడా ఖాళీ ఉంచకు. దీన్ని చూసే ఏ వరసలో కట్టాలో నిర్ణయిస్తారు. రేప్పొద్దున వచ్చి నేను ఒకసారి చూస్తాను" అన్నాడు. అరుగు మీద కూర్చుని, పంతులు దగ్గర అడిగి తెచ్చుకున్న సిరాకలంతో మొదలుపెట్టాను. యజమాని పేరు, బీరయ్య. తోక లాగాను, ముడి వేశాను. తండ్రి పేరు. గ్రామం. ఆ కింద జాతి అని ఉంది. బడి కాయితాల్లో ఊరు తరవాత వచ్చేది మన కులమే. అయినా నా అంతట నేను రాయలేదు. "నాయినా, జాతి ఏందని అడుగుతున్రు" అన్నాను. నాయిన నవాబు కాలిగిట్ట చెక్కుతూ తల ఎత్తకుండా, "పొట్టేలును సూపెడదామంటె మన జాతి ఎందుకట? కురుమోళ్లమని రాయి" అన్నాడు. రాశాను. వయస్సు? "నీకు ఎరుకే గద, నలభై రెండు." రంగు? నేనే నాయిన్ని చూసి నలుపు అని రాశాను. గుర్తులు? నాయిన ఎడమ మోచేతి మీద పెసరగింజంత పుట్టుమచ్చ ఉంది, అది రాశాను. గొర్రెకు వయసంటే పండ్లు, గుర్తంటే చెవిగాటు అని పుట్టిన దగ్గరి నుంచి విన్నదాన్ని. అందుకే ఆ గడులు గొర్రెవని ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఒక్కటి కూడా ఖాళీ ఉంచలేదు. తడి ఆరేదాకా ఊదుకుంటూ, నా అక్షరాలు చూసి నేనే మురిసిపోయాను.

పొద్దున డాక్టరు రాలేదు. ఏదో ఊళ్లో గేదెలు పడిపోతున్నాయని తెల్లవారకముందే కబురొచ్చి వెళ్లాడట. మేం ముగ్గురం, నాయిన, నేను, నవాబు, నాచారం నుంచి ఉప్పల్ దాకా నడిచాం. నాయిన కొత్త చొక్కా, పైన గొంగడి. మైదానంలో షామియానాలు, రంగుకాయితాలు, మైకులో పాటలు. బల్ల దగ్గర గుమాస్తా కార్డు చదివి, చేతిలోని జాబితా వెతికి, మళ్లీ కార్డు చదివి, లోపలికి తీసుకుపోయాడు. కొద్దిసేపటికి మైకులో ఆ కార్డు చదువుతూ ఒక గొంతు వచ్చింది. "ఇగ ఈ పొట్టేలును సూడుండ్రి! జాతి, కురుమ అట! వయసు, నలభై రెండేండ్లట!" మైదానం ఒక్కసారి గొల్లుమంది. "ఆగుండ్రి, గుర్తులున్నయి. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ! అరె భాయ్, పొట్టేలుకు మోచెయ్యి యాడుంటదో జర సూపెట్టుండ్రి!" అందరూ నవ్వుతుంటే నాయిన కూడా నవ్వాడు. పండగకు వచ్చిన మనిషిలా నవ్వాడు. నవ్వుతూనే నా వైపు వంగి, "ఏందట బిడ్డా?" అని అడిగాడు. ఇంతలో మా పక్కనున్నవాడెవడో నాయిన మోచేయి చూపించి, "గిదో, గీడనే ఉన్నది మచ్చ!" అని కేక పెట్టాడు. నవ్వు రెట్టింపైంది. నాయిన తన మోచేయి చూసుకున్నాడు. నన్ను చూశాడు. నెమ్మదిగా గొంగడి లాక్కుని ఆ చెయ్యి కప్పుకున్నాడు.

పెద్దసారు ఒకాయన వచ్చి "ఎవరు రాశారయ్యా ఇది?" అన్నాడు. నేను నాయిన వెనక్కి నక్కాను. "నేనే రాయించిన సారు. సదువు రానోన్ని, ఎరుకలేక చెప్పిన. పిల్ల తప్పేం లేదు" అన్నాడు నాయిన. "కార్డు మీద జాతి లేకపోతే మేమేం చేస్తాం? వరసలు కట్టడం అయిపోయింది. ఏ జాతీ కాని నాటువాటిల్లో కట్టెయ్యి" అన్నాడాయన. "ఇది నాటుది గాదు సారు. మా తాతల కాడికెల్లి ఇదే గొర్రె. బొచ్చు సూడుండ్రి. ఒక్కపారి చెయ్యి పెట్టి సూడుండ్రి సారు" అని నాయిన నవాబు మెడకింద బొచ్చు రెండు చేతులా పాయ తీసి పట్టుకున్నాడు. ఆ సారు చెయ్యి పెట్టలేదు. చేతులు వెనక కట్టుకుని ముందుకు పోయాడు. మైదానం చివర, మేకల పక్కన, మచ్చలగొర్రెల మధ్య, ఆ కార్డే మెడకు తగిలించి కట్టేశారు మా నవాబును. అక్కడికి ఎవరూ రాలేదు. మా వాడకట్టువాళ్లదే ఒక తెల్లపొట్టేలుకు మొదటి బహుమతి వచ్చింది, మెడలో దండ వేసి ఊరేగించారు. సాయంత్రం డాక్టరు మట్టికాళ్లతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. కార్డు చదివి, "అయ్యో, నేను ఉండాల్సింది బీరయ్యగారూ" అన్నాడు. నా వైపు తిరిగి "పాపా, జాతి దగ్గర..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ మాట. దక్కనీ. మూడక్షరాలు.

తిరిగి నడుస్తున్నప్పుడు నవాబు పగ్గం నేను పట్టుకున్నాను. "తప్పయింది నాయినా" అనాలి. ఉప్పల్ దాటేలోపు అంటాననుకున్నాను. తరవాత చెరువు కట్ట దాకా అనుకున్నాను, తరవాత మా తడిక దాకా. దారిలో నాయిన నవాబు మెడనుంచి కార్డు విప్పి జేబులో పెట్టుకోవడం చూశాను. కోపంతో విప్పాడనుకుని ఉన్న ధైర్యం కూడా పోయింది. ఆయన ఒక్కటే అడిగాడు, "ఆకలైతుందా బిడ్డా?" లేదన్నాను. ఆ మాట ఆ రోజు అనలేదు, తరవాతెప్పుడూ అనలేదు. ఆయన ఆ సంగతి ఎత్తి ఒక్కసారైనా తిట్టి ఉంటే నేను ఏడ్చి అనేసేదాన్నేమో. తిట్టలేదు.

ఆ డాక్టరుకు ఆ తరవాత బదిలీ అయింది. విత్తనపు మంద మాట ఇంకెవరూ ఎత్తలేదు. నాయిన కొన్నేళ్లు పంతం పట్టి తెల్లపొట్టేలును దొడ్డిలోకి రానివ్వలేదు. కానీ బీడంతా ఫ్యాక్టరీల ప్రహరీలకు పోయింది, మిగిలిన ముక్కలో అందరి మందలూ ఒక్కచోట ఇరుకుగా మేసేవి. ఏడాదికేడాది మా దొడ్డిలో నలుపు తగ్గిపోయింది. నవాబు ముసలిదై, పండ్లూడి, నాయిన చేతి మీదే జొన్నగట్క తింటూ పోయింది. దాని ఆఖరి బొచ్చును నాయినమ్మ వడికింది, ఆ దారంతో నేసిన గొంగడే ఇప్పుడు నా ఒళ్లో ఉన్నది. అది మగ్గం దిగిన రోజున ఆమె, "ఇగ ఈ రాట్నాన్ని పొయ్యిల పెట్టుండ్రి" అంది. ఊరికే అన్నదనుకున్నాం, మూడోరోజు తానే విరిచి పొయ్యిలో పెట్టింది. ఒక్క కార్డు వల్ల ఒక జాతి పోదని నాకు తెలుసు. ఆ రోజు నవాబు గెలిచి ఉన్నా ఆ ప్రహరీలు ఆగేవి కావు. ఇన్నేళ్లూ నాకు నేను ఇదే చెప్పుకున్నాను. అయినా ఎవరింట్లోనైనా దరఖాస్తు కాయితం కనబడితే దాన్ని పక్కవాళ్ల ముందుకు జరిపేస్తాను.

పంతులమ్మ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టినప్పుడు తండ్రి సంతకం కావాలన్నారు. నాయిన వేలిముద్ర కోసం నేను సిరాడబ్బా తెచ్చి పెట్టాను. "డబ్బ ఎందుకు? కలం ఇయ్యి" అన్నాడు. కాయితం మీద బోర్లా వంగి, పెదవులు బిగించి, బీరయ్య అని రాశాడు. పొడుగాటి సంతకం. ఆశ్చర్యపోయి, "ఎవరు నేర్పిన్రు నాయినా?" అన్నాను. "ఎవరో ఒకరు నేర్పిన్రు తియ్యి" అని కలం మూత పెట్టి ఇచ్చేశాడు. సీటు వస్తుందో రాదో అన్న ఆరాటంలో ఉన్నాను, ఆ సంతకాన్ని సరిగ్గా చూడనైనా లేదు. సిరా ఆరిందో లేదో చూసుకుని మడిచి కవర్లో పెట్టాను.

మరదలు టీ తెచ్చి పక్కన పెట్టి, "ఏం కార్డు వదినా అది?" అంది. కార్డు వెనక్కి తిప్పాను. వెనకవైపు అంతా పెన్సిలు. బీరయ్య, బీరయ్య, బీరయ్య. పై వరసలో బీ తలకిందులుగా ఉంది, ర ఎక్కడో దూరంగా పడింది. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు దగ్గరికి జరిగాయి. ప్రతి పేరు చివరా య వత్తు కుడిపక్కకు పొడుగ్గా సాగి ఉంది, తోక చివర చిన్న ముడి. నా రాత చూసి దిద్దుకున్నాడు. ఊరంతా ఆయన్ను చూసి నవ్విన ఆ కార్డును, మందవెంట పోయినప్పుడు జేబులో వేసుకుపోయి, బిడ్డ రాసిన పేరని దిద్దుకున్నాడు. నేను చించేశాడనుకున్న కార్డును. "వదినా, టీ చల్లారుతుంది" అంటోంది మరదలు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మేళాకు గొంగడి ఒక్కటే తీసుకుపోయాను, కార్డు ఇంట్లో ఉంచాను. స్టాల్ మెట్రో స్తంభాల పక్క మైదానంలో ఉంది. నాచారం చుట్టుపక్కల నల్లగొర్రె ఒక్కటీ లేక, ఎక్కడో నారాయణఖేడ్ అవతలి నుంచి వ్యాన్‌లో తెచ్చారట ఒక పొట్టేలును. ముప్పై అయిదేళ్ల కాపరి ఒకతను దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. పిల్లలు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. నేను దాని మెడకింద చెయ్యి పెట్టాను, మణికట్టు దాకా దిగింది. ఆ డాక్టరమ్మ గొంగడి చూసి పొంగిపోయి, ఒక కొత్త కార్డు, స్కెచ్ పెన్ను నా చేతిలో పెట్టింది. "మేడం, దీని మెడల వేద్దాం. మీ రాత బాగుంటదట, మీరే రాయండి." వద్దనబోయాను. అప్పటికే పెన్ను నా వేళ్ల మధ్య ఉంది. బల్ల మీద పెట్టుకుని జాగ్రత్తగా రాయడం మొదలుపెట్టాను. జాతి, దక్కనీ. మూడక్షరాలూ గుండ్రంగా రాశాను. "ఎన్ని పండ్లది?" అని కాపరిని అడిగాను. "నాలుగమ్మా" అన్నాడు, ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను ఎగాదిగా చూస్తూ. వయస్సు, నాలుగు పండ్లు. రంగు, నలుపు. చెవి పట్టుకుని చూసి, గుర్తు, కుడిచెవి గాటు అని రాశాను. ఒక్కొక్క గడినీ రెండుసార్లు చదువుకున్నాక కార్డు అతనికి ఇచ్చాను.

అతను పెదాలు కదుపుతూ చదివాడు. "అంత మంచిగనే ఉన్నదమ్మా. గని, నా పేరు మల్లేశు. గీ బీరయ్య ఎవరు?" అన్నాడు.

తీసుకుని చూశాను. యజమాని పేరు దగ్గర నల్లగా, పెద్దగా బీరయ్య అని ఉంది. తోక, ముడి సహా. ఎప్పుడు రాశానో నాకే తెలియదు.

"తప్పయింది నాయినా" అన్నాను. మా వైపు చిన్నవాళ్లనైనా ప్రేమతో అట్లాగే పిలుస్తాం. కానీ ఆ మాట బయటికి వచ్చాక అది ఎవరితో అన్నానో తెలిసి, కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. అతను కంగారుపడ్డాడు. "అయ్యో, గంత దానికి ఏడుస్తవేందమ్మా! ఎవరాయన?"

"మా నాయిన. గీడనే, నాచారంల నల్లగొర్లు గాసెటోడు."

మల్లేశు కాసేపు నన్ను, బల్ల మీది గొంగడిని చూశాడు. డాక్టరమ్మ ఇంకో కార్డు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనియ్యమ్మా, పొట్టేలు ఏమన్న సదువుకుంటదా?" అంటూ లేచి, బెజ్జంలో పురికొస దూర్చి, ఆ కార్డును దాని మెడకు కట్టాడు.

సాయంత్రం దాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎందరో వచ్చారు, వంగి పైకి చదివారు. యజమాని పేరు బీరయ్య, జాతి దక్కనీ. ఎవరూ నవ్వలేదు.